సున్నపు గీత

ఐన్ సల్మా ఒయాసిస్,
20 సెప్టెంబర్ 1986

అత్తయ్యకు,

మీ చేతులు ముద్దు పెట్టుకుని సుహైర్ రాస్తున్నది.

క్షేమంగానే చేరాను. రెండు రోజుల బస్సు, ఆ పైన సగం రోజు ఉప్పు లారీ. జుట్టులో ఇసుక ఇంకా వదలలేదు. ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో నాకొక గది ఇచ్చారు. మంగలి దగ్గర కొన్న పాత కుర్చీ ఒకటి, కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు ఒకటి ఉన్నాయి. కుట్టుమిషను తొక్కడం చిన్నప్పుడు నేర్చుకోనందుకు ఇప్పుడు బాధపడుతున్నాను. పళ్ళ డాక్టరుగా చదివించిన ప్రభుత్వం రెండేళ్ళు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి కదా, నాకు ఈ ఊరు రాసిపెట్టి ఉంది. ఇద్దరు నర్సులతో కలిసి ఒకే గదిలో పడుకుంటున్నాను. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. పిల్లను తేవద్దని కేంద్రం వాళ్ళు ముందే రాసింది నిజమే.

నజ్లాను మీ ఒళ్ళో పెట్టి వెనక్కి తిరగకుండా బస్సెక్కాను. తిరిగితే ఎక్కేదాన్ని కాదు. పద్నాలుగు నెలల పిల్ల, ఇంకా రొమ్ము మానలేదు. దాని తండ్రి ముఖ్తార్ చూస్తే ఎర్రసముద్రంలో చేపల వెంట తిరుగుతున్నాడు. ఇక మీరే దానికి అన్నీ.

పడుకునే వేళ నా కోసం వెతుక్కుంటుంది. గోరువెచ్చని పాలలో ఒక చెంచా పంచదార కలిపి, సీసాలో పోసి నోటికివ్వండి. చీకుతూ నిద్రపోతుంది. పళ్ళ డాక్టరు రాయవలసిన మాట కాదని నాకు తెలుసు. అలవాటు పడేదాకా, కొన్నాళ్ళకే.

ముఖ్తార్ దగ్గర నుంచి కబురొస్తే రాయండి.

మీ కోడలు,
సుహైర్

* * *

దుమ్యాత్,
8 అక్టోబర్ 1986

అమ్మాయ్ సుహైర్,

నీ మీద, నీ చుట్టూ ఉన్నవాళ్ళ మీద దేవుడి చల్లని చూపు ఉండాలి. నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. మీ మామగారు బతికున్న రోజుల్లో, మన చెక్క కార్ఖానాలో బీరువాల వెనక కొన్నవాళ్ళ పేరు రాయడానికి నేర్పిన అక్షరాలు నావి. పేర్లకైతే సరిపోయేవి. నవ్వకుండా చదువుకో.

పిల్ల మూడు రోజులు ఇల్లు పీకి పందిరి వేసింది. తలుపు చప్పుడైతే చాలు, అటు పాకేది. అది నిన్ను వెతుకుతుంటే నేను దాన్ని వెతికేదాన్ని. నా మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే.

సీసా సంగతి. నేను ఐదుగురిని కన్నాను, ఒక్కరికీ సీసా పట్టలేదు. మా అమ్మ బతికుంటే సీసా చూసి నన్ను ఇంట్లోంచి తరిమేది. కాని నువ్వు చదువుకున్నదానివి, డాక్టరువి. నువ్వు చెప్పాక నాదేముంది. మందుల దుకాణంలో కొన్నాను. కొన్న నాలుగో రోజు నుంచి సీసా నోట్లో పెడితే కళ్ళు మూస్తోంది, దేవుడు నీకు మేలు చేయాలి. పాలు అరక్కపోతే సోంపు కషాయం పోస్తున్నాను, అందులోనూ నువ్వు చెప్పినట్టు చెంచా పంచదార. నీ ఉత్తరాన్ని అల్మరా తలుపు లోపలి వైపు అంటించాను. డాక్టరు చీటీ కదా, పోగొట్టకూడదు.

ముఖ్తార్ సూయజ్ నుంచి కార్డు రాశాడు. ఆరోగ్యంగా ఉన్నాడట, వలలు చిరిగాయట.

తఫీదా

* * *

ఐన్ సల్మా,
15 నవంబర్ 1986

అత్తయ్యా,

ఒంట్లో ఎలా ఉంది. మోకాళ్ళకు వేడి కాపడం పెట్టుకుంటున్నారా.

ఉప్పు లారీ డ్రైవరు చేత చిన్న పొట్లం పంపిస్తున్నాను. అందులో నజ్లాకు బ్రష్షు, పేస్టు ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం దాని పై పెదవి ఎత్తి ముందు పళ్ళు చూస్తుండండి. ఎలా ఉన్నాయో నాకు రాయండి.

ఇక్కడ నా బతుకు ఏమీ బాగాలేదు. రోజుకు నలభై మంది పిల్లలు. అందరి పై పళ్ళూ బొగ్గుముక్కలే. ఖర్జూరపు పాకంలో ముంచిన గుడ్డ చీకిస్తూ పనికి పోతారు ఈ తల్లులు. మొన్న ఉమ్ సలామా అనే ఆమె మూడేళ్ళ పిల్లాడిని తెచ్చింది. వాడి నోట్లో పన్నంటూ మిగల్లేదు, చిగుళ్ళ నిండా చీము. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాను, తొక్కి తొక్కి కాలు లాగుతోంది. నోరు జారాను. "నువ్వు తల్లివేనా? ఇన్నాళ్ళూ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?" అన్నాను.  ఆమె పిల్లాడి మూతి కొంగుతో తుడిచి తీసుకుపోయింది. ఈ వారం ఆడవాళ్ళెవరూ పిల్లల్ని తేలేదు. విశ్రాంతి దొరికిందనుకున్నాను, అంత అలిసిపోయాను.

నజ్లాకు మాటలు వస్తున్నాయా?

సుహైర్

* * *

దుమ్యాత్,
26 డిసెంబర్ 1986

డాక్టరమ్మా,

పొట్లం అందింది. భద్రంగా దాచాను, బెంగపడకు.

పెదవి ఎత్తి చూడమన్నావు. చదివి కాసేపు మనసు చివుక్కుమంది. గుర్రాన్ని కొనేవాడు చూసినట్టు వారం వారం నా మనవరాలి నోరు చూసి పైవాళ్ళకు లెక్క చెప్పాలా అనుకున్నాను. దానికి రోజూ స్నానం చేయిస్తాను, కాటుక పెడతాను, చెవుల వెనక కూడా తుడుస్తాను. ముఖ్తార్ ఇప్పటికీ పళ్ళతో అక్రోటుకాయ పగలగొడతాడు, వాడిని పెంచిందీ నేనే. పోనీలే. అడిగావు కాబట్టి చూస్తున్నాను.

పళ్ళు ముత్యాలు తల్లీ. పైన నాలుగు, కింద నాలుగు, దవడ పళ్ళు కూడా వస్తున్నాయి. పైవాటికైతే చిగురు పక్కన ఇంకా తెల్లగా ఒక గీత ఉంది, గోడ వారన సున్నం గీసినట్టు. పక్కింటి ఆమెకు కూడా పెదవి ఎత్తి చూపించాను. ఇంత తెల్లటి పళ్ళు ఈ వీధిలో ఎవరికీ లేవంది. దిష్టి తగులుతుందని వెంటనే నీలిపూస కట్టాను.

మాటలు వస్తున్నాయి. "మాయ" అంటే నీళ్ళు. "బాబా" అని తండ్రి ఫోటోను అంటుంది. నన్నేమంటుందో రాయను, నీకు కష్టంగా ఉంటుంది.

ఉమ్ సలామాను అలా అనకుండా ఉండాల్సింది. నీకు చెప్పేంతదాన్ని కాదనుకో.

తఫీదా

* * *

ఐన్ సల్మా,
20 జనవరి 1987

అత్తయ్యా,

ఉత్తరం అందింది. ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. ఫ్లూ జ్వరాలొచ్చి పెద్ద డాక్టరు సెలవు పెట్టాడు. పళ్ళూ నేనే, జ్వరాలూ నేనే. నిన్న ఒక కాన్పుకు కూడా పిలిచారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో తెలిసింది. నిలబడే నిద్రపోతున్నాను.

నజ్లా పళ్ళు తెల్లగా ఉన్నాయన్నారు, సంతోషం. అది మిమ్మల్ని అమ్మా అంటోందని నాకు అర్థమైంది, రాయకపోయినా. అననివ్వండి.

ఇంతకంటే రాయలేను.

సుహైర్

* * *

దుమ్యాత్,
14 మార్చి 1987

అమ్మాయ్ సుహైర్,

రెండు నెలలైంది నీ దగ్గర నుంచి ముక్క లేదు. నేనూ రాయలేదు, నాకూ జ్వరమొచ్చింది. పిల్లకు రాలేదు, అదే పదివేలు.

ఒక మాట అడగాలి. నజ్లా పై పళ్ళ మీద తెల్ల గీత ఉండేదన్నానే, అది గోధుమరంగుకు తిరిగింది. నాలుగింటికీ. టీ మరకేమో అనుకున్నాను, గుడ్డతో రుద్దితే పోలేదు. రక్తం తక్కువని టీకాల నర్సు ఇచ్చిన ఇనుప చుక్కల మందు వల్లనా? ఒక పన్ను అంచు పెళుసుగా రాలింది, రొట్టె పెంకులాగ. చల్లటి నీళ్ళు తాగితే ఏడుస్తోంది. నువ్వు ఇచ్చిన పేస్టు ఇంకా తియ్యలేదు. మందు కదా, నొప్పి ముదిరితే రాద్దామని దాచి ఉంచాను. ఇప్పుడు తియ్యమంటావా?

తఫీదా

* * *

ఐన్ సల్మా,
28 మార్చి 1987

అత్తయ్యా,

మీ ఉత్తరం మంగలి కుర్చీలో కూర్చుని చదివాను. 

పేస్టు మందని ఎవరు చెప్పారు? రోజూ రెండు పూటలా తోమడానికి కదా పంపింది. నాలుగు నెలలు మూట కట్టి అల్మరాలో పెట్టారా? ఇంకా సీసా ఇస్తున్నారా? ఇవ్వకపోతే అలా కావు, ఇస్తూనే ఉన్నారు. పంచదార పాలు, పంచదార కషాయం, పిల్ల నోట్లో రాత్రంతా నిలవ! ఒక్కసారైనా అడగాలని తోచలేదా? ఐదుగురిని పెంచానంటారు, ఈ ఒక్కదాని పళ్ళు కుళ్ళబెట్టారు.

ఎవరెవరి పిల్లలకో పొద్దస్తమానం తొక్కుతున్నాను. నా పిల్ల నోరు చూసేవాళ్ళు లేరు.

సీసా ఇవాళే పారేయండి. రంజాన్ పండుగకు వస్తాను, నజ్లాను తీసుకుపోతాను. ఇక్కడ నీళ్ళు లేకపోయినా సరే, నా కళ్ళ ముందు ఉంటుంది.

సుహైర్

* * *

దుమ్యాత్,
12 ఏప్రిల్ 1987

సుహైర్‌కు,

తఫీదా రాస్తున్నది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు తప్పు చదివాననుకున్నాను.

సీసా పారేశాను. పిల్ల ఐదు రోజులు ఏడ్చింది, ఇప్పుడు మానింది. పేస్టు వాడుతున్నాను. నా ఒళ్ళో తల పెట్టుకుని తోముతున్నాను, వేలు కొరుకుతోంది.

అల్మరా తలుపు తీసి నీ చీటీ మళ్ళీ చదివాను. "గోరువెచ్చని పాలలో ఒక చెంచా పంచదార" అని నీ చేతిరాతే. "కొన్నాళ్ళకే" అని ఉంది. ఎన్నాళ్ళో లేదు. నువ్వు ఆపమంటావని చూశాను. నాకు ఇష్టం లేని పని, ఆపమంటే ఆ రోజే ఆపేదాన్ని. బ్రష్షు అన్నావు, పేస్టు అన్నావు, సీసా మాట మాత్రం ఎత్తలేదు. నేను చదువురానిదాన్నని భయపడి నీ మాట జవదాటలేదు. నా తెలివి మీదే నడిచి ఉంటే పిల్ల పళ్ళు నిలిచేవి.

తెల్ల గీత సంగతి డిసెంబరులోనే రాశాను. నువ్వు "సంతోషం" అన్నావు. ఆ ఉత్తరమూ నా దగ్గర ఉంది.

నా తప్పు లేదనను. ముప్ఫై ఏళ్ళు కార్ఖానా వాకిట్లో బతికాను. చెక్క చెడేముందు ఒక చోట పాలిపోతుంది, మీ మామగారు గోరుతో నొక్కి చూపించేవారు. "ఇది తెలుపు కాదే, లోపల సారం పోతోంది" అనేవారు. చెక్కలో కనిపెట్టిన దాన్ని పిల్ల పన్నులో కనిపెట్టలేకపోయాను. మురిసిపోయి పక్కింటావిడకు చూపించాను. 

తీసుకుపోతానన్నావు. తల్లివి, కాదనను. దాని బట్టలన్నీ ఉతికి పెట్టాను. అది పోయాక ఈ ఇంట్లో నేను ఎవరికి వండుకోవాలో ఆలోచించలేదు. కాని కుళ్ళబెట్టానన్న మాట ఒకటుంది, దాన్ని కూడా తీసుకుపో. ఇక్కడ వదిలిపెట్టకు.

తఫీదా

* * *

ఐన్ సల్మా,
24 ఏప్రిల్ 1987

అత్తయ్యా,

ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మీ పాదాలు పట్టుకుని తీసుకుంటున్నాను.

మీరు రాసిన డిసెంబరు ఉత్తరం నా పెట్టెలోనే ఉంది, తీసి చూశాను. "చిగురు పక్కన ఇంకా తెల్లగా, సున్నం గీసినట్టు." అత్తయ్యా, ఈ మాట పరీక్షలో అడిగితే మొదటి ఏడాది కుర్రాళ్ళు కూడా చెబుతారు. పుచ్చు అలాగే మొదలవుతుంది, నల్లగా కాదు, తెల్లగా. అప్పుడే పట్టుకుంటే సీసా మానిపించి, రోజూ బియ్యపు గింజంత పేస్టుతో తోమితే పన్ను మళ్ళీ గట్టిపడుతుంది. మీరు డాక్టరు కంటే బాగా చూసి, డాక్టరు కంటే బాగా రాశారు. చదివిన డాక్టరు నిద్రలో ఉంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, ఆ బల్లిని నేనే.

సీసా మాటా నిజమే. రాసేటప్పుడే తప్పని తెలుసు. నా బదులు ఏదో ఒకటి దాని నోట్లో ఉండాలనిపించింది. తర్వాత ఆపమని రాయాలంటే, నేను లేకుండా కూడా అది నిద్రపోగలదని ఒప్పుకోవాలి. అందుకే రాయలేదేమో. నాకే సరిగా తెలియదు.

సెలవు ఇవ్వలేదు. నా బదులు ఎవరూ లేరట, వేసవి చివరికి చూద్దామన్నారు. పండుగకు రాలేను.

ఒకటే జాగ్రత్త. చిగురు మీద మొటిమలా ఉబ్బు లేస్తే నా ఉత్తరం కోసం ఆగకండి. వెంటనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. చీము లోపలికి దిగితే కొత్తగా రావలసిన పళ్ళ మొలకలు కూడా చెడతాయి.

మీ సుహైర్

* * *

దుమ్యాత్,
9 మే 1987, రంజాన్ పదో రోజు

తల్లీ సుహైర్,

నీ ఉత్తరం వచ్చేసరికి ఉబ్బు లేచి రెండు రోజులైంది. పెదవి వాచి, కన్ను కిందికి పాకింది. ఒళ్ళు కాలిపోతోంది. ఆగలేదు. ఆ మధ్యాహ్నమే ఎత్తుకుని బజారు వీధి డాక్టరు దగ్గరికి పోయాను.

నాలుగూ తీసేశాడు.

నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని పట్టుకోమన్నాడు. చేతులు నేను పట్టుకున్నాను, తల ఆయన మనిషి పట్టుకున్నాడు. సూది పొడిచినప్పుడు ఏడ్చింది గాని, తీసేటప్పుడు ఏడవలేదు, నా మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. ఏడిస్తే బాగుండేది. ఆ డాక్టరు నన్ను నానా మాటలూ అన్నాడు, ఉపవాసంలో ఉండి కూడా. అడిగినవాటికి జవాబు చెప్పాను. ఇంకేం రాయను.

పళ్ళు చేతిరుమాల్లో కట్టి ఇమ్మన్నాను. ఇంటికొచ్చి మేడ ఎక్కి, పిల్లను చంకనేసుకుని, ఒక్కొక్కటే సూర్యుడి వైపు విసిరాను. పాలపన్ను ఊడితే, గేదె పన్ను తీసుకో, పెళ్ళికూతురి పన్ను ఇవ్వు అని సూర్యుణ్ణి అడగాలి కదా. ఆరేళ్ళకు అడగాల్సింది రెండేళ్ళు నిండకుండానే అడుగుతున్నాను, నీకు వీలైనప్పుడే ఇవ్వు అని కూడా చెప్పాను. ఎండకు పిల్ల కళ్ళు చికిలించింది.

ఇప్పుడు వాపు లేదు, జ్వరం లేదు. కింది పళ్ళు బాగానే ఉన్నాయన్నాడు, నాలుక కాపాడిందట. పప్పులో రొట్టె నానబెట్టి పెడితే తింటోంది. "స" అనబోతే గాలి పోతోంది.

నువ్వు ఏడవకు. నా కోసం కూడా ఏడవకు. అలిసిపోయాను గాని బాగానే ఉన్నాను.

తఫీదా

* * *

ఐన్ సల్మా,
10 జూన్ 1987

అత్తయ్యా,

ఈ ఉత్తరం పొడుగు. రెండు పూటలు కాదు, నాలుగు పూటలు పట్టినా చదవండి.

పండుగ అయ్యాక నన్ను అస్యూత్‌కు పంపారు. అన్ని జిల్లాల పళ్ళ డాక్టర్లకూ రెండు రోజుల శిక్షణ, చిన్నపిల్లల పళ్ళ గురించే. నాకు నవ్వొచ్చింది. మొదటి రోజు భోజనాల తర్వాత, అందరికీ నిద్ర ముంచుకొస్తున్న వేళ, వజీహ్ అనే డాక్టరు లేచాడు. మంచి మాటకారి. తన దగ్గరికి రంజాన్‌లో వచ్చిన ఒక ముసలావిడ కథ చెప్పాడు. నల్ల ముసుగు, అరిగిన చెప్పులు, ఒళ్ళో పళ్ళు కుళ్ళిన పిల్ల. గొంతు మార్చి ఆవిడలాగే మాట్లాడి చూపించాడు: "తిట్టాలంటే నన్ను తిట్టు కొడుకా. పాలల్లో పంచదార పోసింది నేనే, సోంపులో పోసింది నేనే. తల్లికేం తెలుసు పాపం, పొరుగూరిలో కుట్టుమిషను తొక్కుకునే పిచ్చిది. సీసా వద్దు వద్దని మొత్తుకుంది. నేనే మొండిదాన్ని, వినలేదు."

అందరూ నవ్వారు. అత్తయ్యా, నేనూ నవ్వాను.

ఆ తర్వాత అతను, ఆ ముసలావిడ పళ్ళను రుమాల్లో కట్టించుకుని, సూర్యుడికి ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇవ్వాలంటూ వెళ్ళిందన్నాడు. నా నవ్వు నోట్లోనే ఉండిపోయింది. అతని క్లినిక్ ఏ ఊళ్ళో అని పక్కనున్న ఆమెను అడిగాను. దుమ్యాత్ అంది.

అప్పుడు లేవాలి. లేవలేదు.  ఇలాంటి ముసలివాళ్ళకు జరిమానా వేయాలని ఎవరో అన్నారు, దానికీ తల వంచుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం అన్నం తినలేదు.

రెండో రోజు ఒక్కొక్కరం ఒక్కో రోగి గురించి చెప్పాలి. నేను ఉమ్ సలామా కొడుకు గురించి రాసుకుని వచ్చాను. ఆ కాగితం పక్కన పెట్టేశాను. "రోగి పేరు నజ్లా. వయసు ఇరవై రెండు నెలలు. పై ముందు పళ్ళు నాలుగూ తీసేశారు. తల్లి పళ్ళ డాక్టరు" అని మొదలుపెట్టాను. ఎవరో కిసుక్కుమన్నారు. సెప్టెంబరులో ఆ తల్లి పంచదార పాలు పట్టమని రాసిందని చెప్పాను. మీ డిసెంబరు ఉత్తరం సంచిలోనే ఉంది, తీసి ఆ తెల్ల గీత వాక్యం చదివాను. చూసినవాళ్ళెవరు అని పెద్ద ప్రొఫెసరు అడిగాడు, అంత సరిగా రాసింది ఏ నర్సు అని. "నిన్న మీరందరూ నవ్వింది ఆవిడ గురించే" అన్నాను. "ఆ పిల్ల తల్లిని నేను. కుట్టుమిషను లేదు నా దగ్గర."

వజీహ్ తల ఎత్తలేదు. తర్వాత వరండాలో నా దగ్గరికొచ్చి ఏదో అనబోయాడు. నాకు ఓపిక లేదు, వచ్చేశాను.

అటు నుంచి అటే రైలు స్టేషనుకు పోయాను, దుమ్యాత్ వైపు వెళ్దామని. టికెట్ల కిటికీ దాకా వెళ్ళి ఆగిపోయాను. పిల్లను చూడటానికి పోతున్నానా, తీసుకురావడానికా? మార్చిలో తీసుకుపోతానని ఆజ్ఞలాగ రాశాను, ఈసారి చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే అది కూడా ఆజ్ఞే. తిరిగి వచ్చి జీపెక్కాను.

అందుకని అడుగుతున్నాను. ఇక్కడ ఒక నర్సుకు పెళ్ళయింది, గది ఖాళీ అయింది. కొత్త బోరు వేశారు, నీళ్ళు రోజూ వస్తున్నాయి. నజ్లాను నాకు ఇస్తారా? ఇవ్వనంటే మళ్ళీ అడగను, ఇంకో ఏడాది అక్కడే ఉండనివ్వండి. మీకు అది ఎంతో నాకు తెలుసు. నాకు అది ఎంతో చెప్పుకునే మొహం లేదు.

నా కోసం మీరు ఎందుకు అంత మాట పడ్డారు అత్తయ్యా?

సుహైర్

* * *

దుమ్యాత్,
22 జూన్ 1987

సుహైర్ తల్లీ,

ఎందుకు పడ్డానని అడిగావు. ఆ డాక్టరు "దీని తల్లి ఏ గాడిద?" అని అడిగాడు. నువ్వు అక్కడ నలభై మంది పిల్లల నోళ్ళు బాగుచేస్తున్నావు. పళ్ళ డాక్టరు కూతురికే పళ్ళు లేవని ఊళ్ళో తెలిస్తే నీ మాట ఇంకెవరు వింటారు? నాదేముంది, అరిగిన చెప్పులదాన్ని. పడితే అరిగేదేమీ లేదు. అంత కష్టపడి అబద్ధమాడితే, జన్మలో రెండో అబద్ధం, నువ్వు నలుగురిలో నిలబడి దాన్ని మంటగలిపావు. మొదటిది మీ మామగారికి నా వంటపై ఆడాను, అదీ ఆయన కనిపెట్టేశారు. నాకు అచ్చిరాదు.

నాకు నువ్వు నవ్వావని బాధ లేదు. ఆ డాక్టరు చెబితే నేనైనా నవ్వేదాన్నేమో.

ముఖ్తార్ పండుగకు పది రోజులు వచ్చి వెళ్ళాడు. పిల్లను నవ్వమన్నాడు, అది నోరంతా తెరిచి నవ్వింది. వాడు బయటికి పోయి, చిరగని వలను కూర్చుని అల్లాడు. 

ఇక పిల్ల సంగతి. రెండు రోజులు ఆలోచించాను. ఇవ్వనందామని మొదట అనుకున్నాను, దేవుడి ముందు దాచను. నేను చచ్చేదాకా అది నన్నే అమ్మా అంటుందని ఒక దురాశ ఉండేది. పళ్ళు తీసిన రోజు అది నా మొహంకేసి చూసిన చూపు ఉంది చూశావూ, ఎవరో వస్తారని చూసినట్టుంది. నేను ఉన్నాను, అయినా చూస్తోంది. ఆ రోజే నాకు తెలిసింది, ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. కాబట్టి ఇస్తున్నాను.

ఉట్టినే కాదు. నేనూ వస్తున్నాను. పిలవలేదని తెలుసు. కార్ఖానాకు తాళం వేసి తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. నా మోకాళ్ళకు ఎడారి వేడి మంచిదని అందరూ అంటున్నారు. ఆ ఉమ్ సలామా, మిగతా ఆడవాళ్ళు ఎలాగూ నీ దగ్గరికి రారు, నీకు తిట్టడమే వచ్చు. నన్ను వాళ్ళింటి గుమ్మంలో కూర్చోబెట్టు. నేనేం చేశానో చెబుతాను, నజ్లా నోరు తెరిచి చూపిస్తాను. తెల్ల గీత ఎలా ఉంటుందో వాళ్ళ పిల్లల పెదవులెత్తి వెతుకుతాను. అది గుర్తుపట్టడంలో ఇప్పుడు నన్ను మించినవాళ్ళు లేరు. తప్పు చేసినదాని మాట వింటారు గాని, తప్పు చేయనిదాని మాట ఎవరూ వినరు.

ఉత్తరం ముందు చేరాలి కదా, ఈ గురువారం కాక పై గురువారం బయలుదేరతాం. శనివారానికి మీ ఊరు చేరతామట.

ఒక్క మాట. లారీ దిగగానే పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకోకు. తొమ్మిది నెలలైంది, నువ్వెవరో దానికి తెలియదు. నా వెనక దాక్కుంటుంది, నా కొంగు పట్టుకుని ఏడుస్తుంది. నేను దాన్ని నీ వైపు తొయ్యను, నువ్వూ లాగకు. అక్కడే నేల మీద కూర్చో. అదే వస్తుంది. రాకపోయినా లేవకు, కూర్చునే ఉండు.

మీ అత్తయ్య,
తఫీదా